కొత్త ల్యాప్‌టాప్‌లో ఫొటోలు ఎక్కించకముందే చేయాల్సిన పనులు

కొత్త ల్యాప్‌టాప్‌కి బిల్లు రాసేటప్పుడు షాపులో తప్పకుండా అడుగుతారు: “యాంటీవైరస్ కూడా వేసేయమంటారా?” ఇంట్లో వాడుకునే కంప్యూటరుకు ఆ ఖర్చు అక్కర్లేదు. విండోస్ 11తో వచ్చే డిఫెండర్ సరిపోతుంది. ఇళ్లలో నష్టం జరిగేది వేరే చోట్ల. డిస్కుకు పడిన తాళం ఎవరి దగ్గరుందో తెలియకపోవడం, అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్‌లోనే రోజూ పనిచేయడం, స్క్రీన్ మీద ఏం అడిగినా ‘ఎస్’ నొక్కేయడం. ఈ మూడూ డబ్బు పెడితే పోయేవి కావు. ఒక సాయంత్రం కూర్చుని సరిచేసుకోవాలి, అది కూడా పిల్లల ఫొటోలు, బ్యాంకు పనులు అందులోకి చేరకముందే.

దగ్గర పెట్టుకోవాల్సినవి: చార్జరు, ఇంటి వై-ఫై, మీ ఫోను, ఒక నోటు పుస్తకం, పెన్ను. పుస్తకం తప్పనిసరి. కింది పనులు వరసగానే చేయండి, ఎందుకంటే కొన్ని వెనకాముందైతే మీ ఫైళ్లు మీకే దొరక్కుండా పోతాయి.

ఇంకా కొనలేదంటే ఒక మాట. విండోస్ 10 ఉన్న పాత స్టాకు తక్కువకు ఇస్తామంటే, అది విండోస్ 11కి మారుతుందో లేదో అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మారనిదైతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

షాపువాళ్లు విండోస్ వేసి ఇచ్చారా?

పెట్టె సీలుతో వచ్చి, మొదటిసారి మీరే ఆన్ చేస్తే ఈ భాగం వదిలేయండి. అసెంబుల్ చేయించిన కంప్యూటరు, డాస్‌తో (అంటే విండోస్ లేకుండా) అమ్మిన ల్యాప్‌టాప్, సెకండ్‌హ్యాండ్‌ది అయితే ముందు ఇక్కడే ఆగి రెండు చోట్ల చూడాలి.

ఒకటి: సెట్టింగ్స్ → సిస్టమ్ → యాక్టివేషన్. మామూలుగా ‘డిజిటల్ లైసెన్స్’తో యాక్టివేట్ అయిందని ఉంటుంది. అలా కాకుండా ‘మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్’ అన్న అర్థంలో ఉంటే అది కంపెనీలు వాడే పద్ధతి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో అలా ఉండటం సహజం. మీరు డబ్బు పెట్టి కొన్న ఇంటి కంప్యూటరులో ఉంటే మాత్రం దొంగ యాక్టివేటరుతో (లైసెన్సు కొనకుండానే కొన్నట్టు చూపించే ప్రోగ్రాముతో) నడుపుతున్నట్టే.

రెండు: విండోస్ సెక్యూరిటీ → వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ → మేనేజ్ సెట్టింగ్స్, కిందికి వెళ్తే ‘ఎక్స్‌క్లూజన్స్’. డిఫెండర్ తనిఖీ చేయకూడని ఫోల్డర్ల జాబితా ఇది. కొత్త కంప్యూటరులో ఖాళీగా ఉండాలి. దొంగ యాక్టివేటర్లు తమను డిఫెండర్ పట్టుకోకుండా ఇక్కడ పేరు రాసుకుంటాయి. ఆ సందులోంచి ఇంకేదైనా రావచ్చు. యాక్టివేషన్ పేజీలో ‘డిజిటల్ లైసెన్స్’ అని కనిపించినా ఇది చూడటం మానొద్దు. ఆ మాట కూడా పుట్టించగల యాక్టివేటర్లు ఉన్నాయి.

ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ విండోస్‌ని బాగుచేసే ప్రయత్నం చేయకండి. నమ్మకమైన వేరే కంప్యూటరు నుంచి మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టలేషన్ తయారుచేసి, డిస్కు మొత్తం చెరిపి కొత్తగా వేయండి. లైసెన్సు కొనక తప్పదు. బిల్లులో విండోస్‌కి కూడా డబ్బు తీసుకున్నట్టు ఉంటే షాపువాళ్లనే అడగండి.

ఎవరి పేరు మీద అకౌంట్?

మొదటిసారి ఆన్ చేయగానే దేశం, కీబోర్డు, వై-ఫై అడిగి, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. తెలుగు ఇళ్లలో చాలా పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌ని డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన అబ్బాయి తన ఈ-మెయిల్‌తో అమర్చేసి వెళ్లిపోతాడు. అప్పటినుంచి పాస్‌వర్డు, డిస్కు తాళం అన్నీ అతని అకౌంట్‌లో ఉంటాయి. ఇక్కడ పొద్దున పది గంటలకు కోడ్ కావాల్సి వస్తే అది అక్కడ అర్ధరాత్రి అతని ఫోనుకు వెళ్తుంది.

కంప్యూటరు ఎవరు వాడతారో వాళ్ల ఈ-మెయిలే ఇవ్వండి. లేకపోతే అప్పటికప్పుడు కొత్తది తీయండి. రికవరీ నంబరుగా వాళ్ల ఫోను ఇచ్చి, రెండోదిగా దూరంగా ఉన్న పిల్లల ఈ-మెయిల్ చేర్చండి. పాస్‌వర్డుకు సంబంధం లేని నాలుగు మాటలు కలిపి రాయండి. పుట్టినతేదీలు, పిల్లల పేర్లు, ఇంటిపేరు వద్దు. పుస్తకంలో రాసుకోండి. ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకాన్ని ఇంటర్నెట్ దొంగ చదవలేడు.

తర్వాత పిన్ అడుగుతుంది. ఆరంకెలు పెట్టండి. ‘అంత పెద్ద పాస్‌వర్డు పెట్టి చివరికి ఆరంకెలేనా’ అని చాలామందికి అనుమానం వస్తుంది. పిన్ ఈ ఒక్క మెషీన్‌లోనే పనిచేస్తుంది. ఎవరైనా చూసినా, ల్యాప్‌టాప్ చేతిలో లేకుండా మీ అకౌంట్‌లోకి పోలేరు. వరసగా తప్పు కొడితే కంప్యూటరే అడ్డుపడుతుంది.

ప్రైవసీ ప్రశ్నల్లో ‘ఫైండ్ మై డివైస్’ ఆన్, ప్రకటనలకు సంబంధించినవన్నీ ఆఫ్. దీని మీద ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

48 అంకెల కీ: దీన్ని మాత్రం వాయిదా వేయకండి

ఇప్పుడొచ్చే విండోస్ 11 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లోపలికి రాగానే డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే అందులోని ఫైళ్లకు తాళం పడుతుంది. సెట్టింగ్స్ → ప్రైవసీ అండ్ సెక్యూరిటీ → డివైస్ ఎన్‌క్రిప్షన్‌లో చూడొచ్చు. ల్యాప్‌టాప్ బస్సులో పోయినా, ఎవరైనా డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకు పెట్టినా మీ ఫైళ్లు చదవలేరు. మంచి ఏర్పాటు, ఆన్‌లోనే ఉంచండి.

ప్రమాదమంతా తాళంచెవితోనే. బయోస్ (కంప్యూటరు ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్ తర్వాతో, మదర్‌బోర్డు మార్చాకో ఒకరోజు నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే సర్వీస్ సెంటరువాళ్లు గానీ, మైక్రోసాఫ్ట్ గానీ డిస్కు తెరవలేరు. అన్నీ చెరిపి మళ్లీ విండోస్ వేయడమే గతి. చాలామందికి తమ డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిందన్న సంగతే ఆ రోజు దాకా తెలియదు.

అందుకని ఈ సాయంత్రమే: ఫోనులో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైటుకు వెళ్లి, సైనిన్ అయి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ పేరు కింద రికవరీ కీలు తెరవండి. ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే ‘కీ ఐడీ’ కూడా రాసుకోండి. ఆ నీలం స్క్రీన్ మీద అదే ఐడీ చూపిస్తుంది కాబట్టి ఏది వాడాలో తెలుస్తుంది. కీ ఆరంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది. చేత్తో రాస్తే ఎక్కడో ఒక అంకె తప్పడం సహజం, దానికి మంచి పరీక్ష ఉంది. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగింపబడాలి. కాలిక్యులేటర్‌లో ఒక్కో గుంపునీ 11తో భాగించండి. దశాంశం వస్తే ఆ గుంపు తప్పు రాశారన్నమాట.

ఆ కాగితం ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టొద్దు. కొన్న బిల్లుతో పాటు ఇంటి కాగితాల ఫైల్లో ఉంచండి.

అప్‌డేట్లు

పెట్టె గోడౌన్‌లో ఎన్ని నెలలుందో, అన్ని నెలల అప్‌డేట్లు బాకీ ఉంటాయి. సెట్టింగ్స్ → విండోస్ అప్‌డేట్ → చెక్ ఫర్ అప్‌డేట్స్. దించుకున్నాక రీస్టార్ట్ చేసి మళ్లీ చెక్ నొక్కండి. ‘యూ ఆర్ అప్ టు డేట్’ అనేదాకా ఇలాగే. ఒక్కసారితో ఆపేయడమే అందరూ చేసే తప్పు, ఎందుకంటే కొన్ని అప్‌డేట్లు ముందువి పడ్డాకే కనిపిస్తాయి. మొదటి రోజు జీబీల కొద్దీ దిగుతుంది, ఫోను హాట్‌స్పాట్ మీద పెట్టుకోకండి. శాతం చూపిస్తున్నంతసేపు చార్జరు తీయొద్దు, మూత మూయొద్దు. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోండి.

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘ఇతర మైక్రోసాఫ్ట్ ప్రొడక్ట్స్‌కి కూడా’ అన్న స్విచ్ ఆన్ చేయండి. ఇక మీదట నెలలో రెండో మంగళవారం అమెరికా టైము ప్రకారం కొత్త భద్రతా అప్‌డేట్లు వస్తాయి, మనకు అది మంగళవారం రాత్రో బుధవారం పొద్దునో అవుతుంది. ఆ వారంలో రీస్టార్ట్ అడిగితే వాయిదా వేయకండి.

ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చే అప్‌డేట్ యాప్ ఉంటే దాన్నీ ఒకసారి నడపండి, బయోస్ అప్‌డేట్లు ఎక్కువగా అందులో వస్తాయి. కానీ పైన చెప్పిన 48 అంకెలు కాగితం మీదికి ఎక్కాకే.

ట్రయల్ యాంటీవైరస్ తీసేయండి

చాలా ల్యాప్‌టాప్‌లు ఏదో ఒక కంపెనీ యాంటీవైరస్ ట్రయల్‌తో వస్తాయి. అది ఉన్నన్నాళ్లూ డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. గడువు అయిపోగానే ‘మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, రెన్యూ చేయండి’ అని రోజూ అడుగుతుంది. నకిలీ హెచ్చరికలు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి. అసలుదేదో నకిలీదేదో పెద్దవాళ్లు తేల్చుకోలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

సెట్టింగ్స్ → యాప్స్ → ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాని పక్కనున్న మూడు చుక్కలు, అన్‌ఇన్‌స్టాల్, రీస్టార్ట్. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి రియల్-టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ‘యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్’లో రెప్యుటేషన్ ఆధారిత రక్షణ కింద ఉన్నవన్నీ ఆన్ చేయండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో పాటు తోకలా వచ్చే చెత్త యాప్‌లను ఆపేది అదే. రెండు యాంటీవైరస్‌లు కలిపి పెట్టుకుంటే రెట్టింపు రక్షణ రాదు, కంప్యూటరు నెమ్మదిస్తుంది.

‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ కూడా కనిపిస్తుంది. ఫైళ్లను లాక్ చేసి డబ్బడిగే వైరస్‌లకు అది మంచి అడ్డే. కానీ మామూలు ప్రోగ్రాములను కూడా ఫైల్ సేవ్ చేయనివ్వదు, ఎందుకు ఆగిందో ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. ఇంటికి బ్యాకప్పే మేలు.

రోజువారీ అకౌంట్‌కి అధికారాలు తీసేయడం

మీరు మొదట చేసిన అకౌంట్ అడ్మినిస్ట్రేటర్. అంటే ఆ అకౌంట్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా ఒక్క ‘ఎస్’తో మొత్తం కంప్యూటరును మార్చగలదు. దీన్ని సరిచేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఇన్ని పనుల్లో ఫలితం ఎక్కువ ఉన్నదీ, చాలామంది చేయనిదీ ఇదే.

సెట్టింగ్స్ → అకౌంట్స్ → అదర్ యూజర్స్ → యాడ్ అకౌంట్. ఈ-మెయిల్ అడిగినప్పుడు ‘ఈ వ్యక్తి సైనిన్ వివరాలు నా దగ్గర లేవు’ అన్న లింకు, తర్వాత ‘మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చు’ అన్నది నొక్కండి. పేరు ‘అడ్మిన్’ అనో ‘తాళం’ అనో పెట్టి, రోజూ వాడే పాస్‌వర్డు కాకుండా కొత్తది ఇవ్వండి. మూడు సెక్యూరిటీ ప్రశ్నలు అడుగుతుంది. పుట్టిన ఊరు, మొదటి బడి పేరు చుట్టాలందరికీ తెలిసినవే కాబట్టి సంబంధం లేని జవాబులు ఇచ్చి పుస్తకంలో రాసుకోండి. అకౌంట్ తయారయ్యాక దాని కింద ‘చేంజ్ అకౌంట్ టైప్’ నొక్కి అడ్మినిస్ట్రేటర్ చేయండి.

ఇప్పుడు సైనౌట్ అయి, కొత్త అకౌంట్‌లోకి ఒకసారి వెళ్లి చూడండి. పాస్‌వర్డు పనిచేసిందని తేలాకే, అక్కడినుంచి మీ పాత అకౌంట్‌ను ‘స్టాండర్డ్ యూజర్’గా మార్చండి. ఈ పరీక్ష చేయకుండా మార్చేసి, రాసుకున్న పాస్‌వర్డు తప్పని తర్వాత తెలిస్తే ఒక ప్రింటరు డ్రైవరు వేయడానికి కూడా దారి ఉండదు.

ఇక నుంచి ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే స్క్రీన్ మసకబారి అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతుంది. ఇంట్లోవాళ్లకు నేర్పాల్సిన నియమం ఒక్కటే: నువ్వు ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే ఇది అడిగితే ‘నో’. పిల్లలకు వేరే స్టాండర్డ్ అకౌంట్లు ఇవ్వండి. ఆటలను మార్చే ‘మాడ్’ ఫైళ్లు, డబ్బు కట్టకుండా వాడుకునే ‘క్రాక్’లు వాళ్ల చేతుల మీదుగానే ఎక్కువగా వస్తాయి.

స్టాండర్డ్ అకౌంట్ కూడా పూర్తి కవచం కాదు. అందులో నడిచిన వైరస్ ఆ అకౌంట్‌లోని ఫైళ్లు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు ఎత్తుకుపోగలదు. అందుకే మనిషికి నేర్పాల్సింది కూడా ఉంది.

బ్రౌజరు

క్రోమ్ అయినా ఎడ్జ్ అయినా సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్లలోకి వెళ్లి నోటిఫికేషన్లు ఏ సైటూ అడగకుండా చేయండి. కుడివైపు మూలన ‘వైరస్ దొరికింది’ అంటూ వచ్చే పెట్టెల్లో చాలావరకు వైరస్ కాదు, ఏదో సైటులో ‘అలో’ నొక్కినందుకు వచ్చే నోటిఫికేషన్లు. ఎడ్జ్ వాడేవాళ్లు సెక్యూరిటీ సెట్టింగుల్లో ‘స్కేర్‌వేర్ బ్లాకర్’ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోవాలి.

బ్యాంకు సైటుకు గూగుల్లో వెతికి వెళ్లే అలవాటు మాన్పించండి, పైన కనిపించేది ప్రకటన కావచ్చు. మన బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే, బ్యాంకులకు తప్ప ఇవ్వదు. కాబట్టి అడ్రసులో ‘https://’ తర్వాత వచ్చే మొదటి ‘/’ గుర్తుకు సరిగ్గా ముందు ఆ మాటలు ఉన్నాయో లేదో చూసి, బుక్‌మార్కు పెట్టి, ఇకపై అక్కడినుంచే వెళ్లమనండి.

ఇంకొకటి: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ → షో → ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేయండి. కరెంటు బిల్లు అని వచ్చిన ఫైలు పేరు చివర ‘పీడీఎఫ్’ తర్వాత ‘ఈఎక్స్ఈ’ ఉంటే అది బిల్లు కాదు, ప్రోగ్రాము. ఈ స్విచ్ లేకపోతే ఆ చివరి ముక్క కనిపించదు.

పక్కన కూర్చుని చేయించాల్సినవి

చెబితే మర్చిపోతారు, చేయిస్తే చేతికి గుర్తుంటుంది. బ్రౌజరు తెరిచి ఎఫ్11 నొక్కండి. స్క్రీన్ మొత్తం నిండిపోతుంది, మూసే గుర్తు కనిపించదు. సైరన్ మోగిస్తూ ‘ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అనే దొంగ పేజీ ఇలాగే ఉంటుంది. దాంట్లోంచి బయటపడటం అమ్మతో, నాన్నతో చేయించండి: ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టడం, కుదరకపోతే ఆల్ట్-ఎఫ్4, అదీ కాకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచడం. ఇప్పుడు మీరు ఎఫ్11తో తెచ్చింది ఎస్కేప్‌కి పోకపోతే మళ్లీ ఎఫ్11 నొక్కండి. బ్రౌజరు మళ్లీ తెరిచినప్పుడు ‘రిస్టోర్’ అడిగితే వద్దనాలి. మైక్రోసాఫ్ట్ అసలైన హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఉండదు.

రెండోది ఈమధ్య బాగా నడుస్తున్న మోసం. ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటూ, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కు, తర్వాత కంట్రోల్-వి, తర్వాత ఎంటర్ అని చెబుతుంది. మీకు తెలియకుండా ఆ పేజీ ఒక ఆదేశాన్ని కాపీ చేసి ఉంచుతుంది. దాన్ని మీరే మీ చేత్తో నడిపినట్టవుతుంది కాబట్టి యాంటీవైరస్ ఒక్కోసారి అడ్డుపడదు. విండోస్-ఆర్ నొక్కి ఆ చిన్న పెట్టె ఎలా ఉంటుందో చూపించి, ఏ వెబ్‌సైటు చెప్పినా ఇందులో ఏదీ అతికించవద్దని చెప్పండి.

మూడోది ఫోన్లో వచ్చేది. బ్యాంకు, కొరియర్, పోలీసు పేరుతో ఎవరైనా ఎనీడెస్క్ లాంటిది (దూరం నుంచి మీ కంప్యూటరును నడిపించే యాప్) వేయమంటే, స్క్రీన్ షేర్ చేయమంటే వెంటనే ఫోను కట్ చేయాలి. ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో లేదు. దూరంగా ఉన్న పిల్లలు విండోస్‌లోని క్విక్ అసిస్ట్‌తో సాయం చేయొచ్చు, కానీ ముందు ఫోను చేసింది ఇంట్లోవాళ్లే అయి ఉండాలి.

బ్యాకప్, రౌటరు

1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు కొనండి. నెలకోసారి తగిలించి ఫొటోలు, డాక్యుమెంట్లు కాపీ చేసి, వెంటనే తీసేయండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే ఫైళ్లు లాక్ చేసే వైరస్ దాన్ని కూడా లాక్ చేస్తుంది. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. పైగా అందులో డిలీట్ చేస్తే కంప్యూటరులోనూ పోతుంది. దాన్నే బ్యాకప్ అనుకోవద్దు.

రౌటరు కింద అంటించిన స్టిక్కరులో అడ్మిన్ పేజీ అడ్రసు, పాస్‌వర్డు ఉంటాయి. ఆ పేజీలో అడ్మిన్ పాస్‌వర్డు మార్చి, వై-ఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకుని, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డు కొట్టకుండా బటన్‌తోనో చిన్న పిన్‌తోనో వై-ఫైకి కలిపే పద్ధతి) ఆపేయండి. వచ్చిపోయేవాళ్లకు గెస్ట్ వై-ఫై ఇస్తే చాలు.

పొరపాటు జరిగిపోతే

ఈ వరస ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటరు బల్ల దగ్గర అంటించండి. ముందు వై-ఫై ఆపాలి. డబ్బు పోయినా, పోయిందని అనుమానం వచ్చినా వెంటనే 1930కి ఫోను చేయాలి, తర్వాత బ్యాంకుకు, ఆ తర్వాత సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పాస్‌వర్డులు ఆ కంప్యూటరులో మార్చకూడదు, వేరే ఫోనులోంచి మార్చాలి. ముందు ఈ-మెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. మార్చేటప్పుడు ‘అన్ని డివైసుల నుంచి సైనౌట్’ అన్నది కూడా నొక్కాలి, లేకపోతే దొంగ పాత సైనిన్‌తో లోపలే ఉంటాడు. కంప్యూటరును స్కాన్ చేసి ఊరుకోవద్దు. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ కొత్తగా వేసి, ఎక్స్‌టర్నల్ డిస్కును ఆ తర్వాతే తగిలించండి.